ముందు అడగడం, తర్వాత గీయడం: పొలాల పాట బొమ్మల వీడియో అనుభవం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో బొమ్మల పాట బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 వస్తే మనం ప్రతి ఏడూ జెండా ఎత్తుతాం, ర్యాలీ తీస్తాం, కుమ్రం భీం విగ్రహానికి దండ వేస్తాం. ఈసారి పెద్దలు మాకు ఇంకో పని కూడా చెప్పారు. "పొలాల అమావాస్య పాటను బొమ్మల పాటగా చేస్తున్నారు కదా, ఎట్లా చేస్తున్నారో సభలో చెప్పండి" అన్నారు. వీడియో ఇంకా పూర్తి కాలేదు. సగం దాకా గీశాం. అందుకే ఈ రోజు చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ గీయడం మొదలుపెట్టక ముందు జరిగిన సంగతి చెప్పదగిందే అనుకుంటున్నాం. ఎందుకంటే మేము వేసుకున్న మొదటి ప్లాను మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. పక్కన పెట్టించింది గూడేల్లో ఉన్న మన అవ్వలు, పిల్లలు.

మొదటి ప్లాను

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా చెప్పుకున్నవారు 29 లక్షల 84 వేల మంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో ఉన్నారు. సంఖ్య చిన్నది కాదు. అయినా హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లను పలకరిస్తే ఏమవుతుందో ఇక్కడ ఉన్న తల్లులందరికీ తెలుసు. మనం గోండిలో అడుగుతాం, ఆ పిల్ల తెలుగులో జవాబిస్తుంది. అర్థం కాక కాదు. నోటికి రాక. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దం అని ప్రకటించింది. ఆ దశాబ్దంలో మన వంతుగా పిల్లలు మళ్లీ మళ్లీ చూసే ఒక పాట ఉండాలని సంఘం అనుకుంది. అక్కడ మొదలైంది ఈ పని.

పాట ఉంది. పాడేవాళ్లు ఉన్నారు. కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్చుకున్న పిల్లలు మా బృందంలో ముగ్గురు ఉన్నారు. క్రిటా, బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంకేం కావాలి అనుకున్నాం. నాలుగు రోజులు కూర్చుని కథ రాసుకున్నాం. అందులో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న ఒక చిన్న గుస్సాడీ హీరో. ఎద్దు తప్పిపోతుంది, గుస్సాడీ ఎగిరి దూకి వెతుకుతాడు, దారిలో కింద పడతాడు, పిల్లలు నవ్వుతారు. చివర్లో అందరూ ఆడతారు.

పట్నంలో ఉన్న ఒక మిత్రుడికి చూపించాం. ఆయన ఈ రంగంలో పనిచేసినవాడే. "చాలా బాగుంది. గుస్సాడీ ఉంటే ఆదిలాబాద్ అని ఎవరైనా గుర్తుపడతారు. వ్యూస్ వస్తాయి" అన్నాడు. ఆయన మాట తప్పు కాదు. గుస్సాడీ కనకరాజు దాదాకు 2021లో పద్మశ్రీ ప్రకటించిన తర్వాత ఆ నెమలి ఈకల టోపీ దేశమంతా తెలిసింది. మాకూ సంతోషం వేసింది. అప్పుడు మా బృందంలో ఒక బాయి అడిగింది: "ఎవరైనా గుర్తుపడతారు సరే. మన పిల్లలు ఏమంటారో అడిగామా?"

అడగలేదు. ఆ మాటతో గీత ఆపాం.

ఎవరిని అడగాలి

చూసేవాళ్లు ఎవరో తెలుసుకోవడానికి అందరూ ముందు యూట్యూబ్ లెక్కలు చూస్తారు. మేమూ చూశాం. సంఘం ఇంతకుముందు పెట్టిన వీడియోలు ఏ ఊళ్ల నుంచి చూశారో, ఎన్ని సెకన్ల దగ్గర వదిలేశారో అందులో గీత గీసి చూపిస్తుంది. మా వీడియోలు ఎక్కువగా పట్నాల్లోనే చూసినట్టు వచ్చింది. మరి గూడేల్లో చూడలేదా? వెళ్లి చూస్తే సంగతి వేరు. సిగ్నల్ దొరికే చోట ఒకరు వీడియో దింపుకుంటారు. అక్కడి నుంచి వాట్సాప్‌లో, బ్లూటూత్‌లో పదిమందికి పోతుంది. ఒక ఫోను చుట్టూ ఎనిమిది మంది పిల్లలు తలలు కలిపి చూస్తారు. ఇదంతా యూట్యూబ్ లెక్కలో ఒకటి, లేదంటే సున్నా. ఆ లెక్కనే నమ్మి ప్లాను వేసుకుంటే మన పిల్లలు చూడనే చూడరని అనుకుని పట్నం కోసం గీసేవాళ్లం.

కాబట్టి నడిచి వెళ్లాం. ఉట్నూరు చుట్టుపక్కల నాలుగు గూడేలు, ఒక ఆశ్రమ పాఠశాల ఎంచుకున్నాం. ప్రతి గూడెంలో ముందు పటేల్‌ను కలిసి వచ్చిన పని చెప్పాం. పిల్లలతో కూర్చోవడానికి తల్లిదండ్రుల ఒప్పుకోలు, బడిలో ఉపాధ్యాయుల ఒప్పుకోలు తీసుకున్నాం. పిల్లల ఫొటోలు తీయలేదు, పేర్లు రాసుకోలేదు. నోటు పుస్తకంలో వయసు, చెప్పిన మాట, అంతే.

మొదటి గూడెంలోనే ఒక తప్పు చేశాం. పాట వినిపించి, గీసిన నాలుగు బొమ్మలు చూపించి "బాగుందా?" అని అడిగాం. అందరూ "బాగుంది" అన్నారు. ఇంటికి వచ్చినవాళ్లను బాగాలేదని ఎవరు అంటారు? చాయ్ తాగించి పంపారు. సాయంత్రానికి పుస్తకంలో "బాగుంది" తప్ప వేరే మాట లేదు.

రెండో గూడెం నుంచి అడిగే తీరు మార్చాం. మూడు పనులు చేశాం. మొదటిది, బొమ్మలు దాచిపెట్టి పాట మాత్రం వినిపించి "కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తోంది?" అని అడిగాం. రెండోది, కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి "మీ ఎద్దును గీయండి, మీ ఇల్లు గీయండి" అన్నాం. మూడోది, మా బొమ్మలు చూసిన పిల్లను చూడని తమ్ముడి దగ్గర కూర్చోబెట్టి "వీడికి కథ చెప్పు" అన్నాం. మేము పక్కన కూర్చుని విన్నాం. ఎక్కడ తడబడిందో, ఏది వదిలేసిందో, ఏది తనే కలిపిందో రాసుకున్నాం. ఈ మూడింటితో తెలిసినంత ఏ ప్రశ్నల కాగితంతోనూ తెలిసేది కాదు.

విన్న సంగతులు

గుస్సాడీ సంగతి ముందు చెప్తాం. ఒక గూడెంలో బొమ్మలు చూపిస్తుండగా వెనక నిలబడిన ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు: "పొలాలకు గుస్సాడీ ఎందుకు వచ్చాడు?" మా దగ్గర జవాబు లేదు. దండారీ దీపావళి పండుగ. పొలాల శ్రావణ అమావాస్య పండుగ. రెండింటి మధ్య రెండు నెలలు ఉంది. గుస్సాడీ టోపీ పెట్టాడంటే నియమంలో ఉన్నాడని. ఒంటికి బూడిద పూసుకుని, స్నానం మానుకుని, ఇంటికి దూరంగా ఉండి, కొలబోడి నాడు గానీ దీక్ష వదలడు. ఆ మనిషిని తప్పిపోయిన ఎద్దు కోసం పరిగెత్తించి, బురదలో పడేసి నవ్వించాలని మేము రాసుకున్నాం. ఆ పెద్దాయనకు కోపం రాలేదు. "మీరు మన పిల్లలే కదా, మీకూ తెలియదా?" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రి మాలో మాకు వాదన జరిగింది. గుస్సాడీని తీసేస్తే బయటివాళ్లు చూడరని ఒకరు. చూడకపోతే పోనీ అని ఇంకొకరు. చివరికి ఒక మాట రాసుకుని గోడకు అంటించాం. ఈ వీడియోకు మొదటి ప్రేక్షకురాలు పండక్కి ఇంటికి వచ్చిన తొమ్మిదేళ్ల హాస్టల్ పిల్ల. రెండో ప్రేక్షకురాలు ఆ పిల్ల పక్కన కూర్చున్న అవ్వ. మిగతావాళ్లు చూస్తే సంతోషం. ఏ బొమ్మ దగ్గర సందేహం వచ్చినా ఆ కాగితం చూసుకుని తేల్చుకున్నాం. గుస్సాడీ పోయాడు. ఆ స్థానంలో ఎవరు రావాలో పిల్లలే చెప్పారు.

కళ్లు మూసుకుని పాట విన్న పిల్లల్లో చాలామంది ఎద్దు కన్నా ముందు వాన చెప్పారు, బురద చెప్పారు, మరుగోళ్లు చెప్పారు. వానాకాలంలో వెదురు కర్రలకు మెట్టు కట్టుకుని పిల్లలు వాటి మీద నడుస్తారు. పొలాల మరునాడు వాటిని ఊరి బయట వదిలేస్తారు. మా కథలో మరుగోళ్లు అసలు లేవు. ఇప్పుడు కథంతా వాటి మీదే నడుస్తోంది. హాస్టల్ నుంచి వచ్చిన అక్క నడవడం మరిచిపోయింది, చిన్న తమ్ముడు నేర్పిస్తాడు. గుస్సాడీ ఎగురుడు కన్నా ఇది గీయడానికి కష్టం. అయినా ఈ ముక్కను తమ్ముడికి చెప్పమంటే ఏ పిల్లా తడబడలేదు.

బొమ్మల్లోని తప్పులు కూడా బయటపడ్డాయి. మేము ఇంటర్నెట్‌లో చూసి గుండ్రటి గుడిసె గీశాం. ఒక పిల్లవాడు "ఇది ఏ ఊరు?" అని అడిగాడు. వాడు గీసిన ఇల్లు నాలుగు మూలలది, ముందు అరుగు, పక్కన పశువుల కొట్టం. మేము గీసిన అవ్వకు పట్నం తీరులో చీర కట్టాం. ఒక అవ్వ తన కచ్చ చీర కొంగు చూపించి "ఇట్లా కట్టు" అంది. తర్వాత తన చేతి మీద పచ్చబొట్లు చూపించి "ఇవి లేకుండా నన్ను గీస్తావా?" అంది. ఇప్పుడు మా బొమ్మలో అవ్వ చేతులకు, కాళ్లకు పచ్చబొట్లు ఉన్నాయి. ప్రతి బొమ్మలో వాటిని మళ్లీ గీయాలి కాబట్టి మా పిల్లలకు పని పెరిగింది. ఎవరూ సణగలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది మాటల సంగతి. హాస్టల్ పిల్లలకు పాట రాగం తెలుసు. చప్పట్లు కొట్టి పాడతారు. కానీ కాడిని, నొగను, ఎద్దు మెడలో పట్టీని మన భాషలో ఏమంటారో తెలియదు. ఆ మాటల దగ్గర నోరు ఊరికే కదిలిస్తున్నారు. అప్పుడు అర్థమైంది, మా బొమ్మల్లో ఆ మాట వచ్చినప్పుడు ఆ వస్తువు తెర మీద లేదని. పాటలో కాడి మాట వస్తుంటే తెర మీద కొండ కనిపిస్తోంది. చూడటానికి అందంగానే ఉంది, పిల్లకు మాత్రం దానితో ఉపయోగం లేదు. దాంతో ఒక నియమం పెట్టుకున్నాం. ఏ వస్తువు పేరు పాటలో వస్తే ఆ క్షణానికి ఆ వస్తువు తెర మీద, చేతితో ముట్టుకుంటున్నట్టు కనిపించాలి.

ఒక మాటకు రెండు మూడు తీరులు ఉన్న చోట ఏం చేయాలన్నది ఇంకో సమస్య. జైనూరు వైపు ఒక తీరు, బోథ్ వైపు ఒక తీరు, కిన్వట్ వైపు మహారాష్ట్రలోని మన బంధువులది ఇంకో తీరు. ఇది మేము తేల్చే విషయం కాదు. నాలుగు గూడేల అవ్వలకు వినిపించి, వాళ్లలో ఎక్కువమంది తడుముకోకుండా పాడిన మాటే ఉంచాం. పాడిన ప్రధాన్ దాదాల పేర్లు, తరతరాలుగా ఈ పాటలు కాపాడింది వాళ్లేనన్న మాట వీడియో మొదట్లోనే వస్తాయి. చివర్లో చిన్న అక్షరాల్లో వేస్తే ఫోనులో ఎవరూ చదవరు. ఇది కూడా వాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు తెలిసిందే.

ఫోను నేర్పిన పాఠాలు

మేము పెద్ద కంప్యూటర్ తెర మీద గీసుకుంటాం. పిల్లలు చూసేది అరచేతిలో పట్టే ఫోనులో, అదీ తెర పగిలిన పాత ఫోనులో. పగటిపూట ఎండలో చూస్తారు. మేము ఎంతో ఇష్టపడి గీసిన వెన్నెల రాత్రి ఎండలో చూస్తే నల్లటి పలకలా ఉంది. ఆ సన్నివేశాన్ని సాయంత్రానికి మార్చాం. వాట్సాప్‌లో పంపితే వీడియో నాణ్యత తగ్గుతుంది. సన్నని గీతలన్నీ అలుక్కుపోయాయి. గీత లావు చేశాం, వెనక బొమ్మలో వివరాలు తగ్గించాం. నలుగురు చూసేటప్పుడు ఫోనును అడ్డంగా పట్టుకుంటున్నారని చూసి అడ్డం కొలతే ఉంచాం.

శబ్దం సంగతీ అంతే. ఫోనులోని చిన్న స్పీకరు మంద్ర స్వరాన్ని పలికించలేదు. డోలు దెబ్బ మాయమై పెప్రె ఒక్కటే కీచుగా వినిపించింది. "డోలు ఏది?" అని ఒక చిన్నపిల్ల అడిగింది. డోలు తోలు మీద కర్ర తగిలే టకటక శబ్దాన్ని వేరే మైకుతో మళ్లీ రికార్డు చేసి కలిపాం. ఇప్పుడు ఫోనులో కూడా దరువు తెలుస్తోంది.

పాట పేరును గుంజాల గోండి లిపిలో రాయాలని అందరం కోరుకున్నాం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన ఆ రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కంప్యూటర్‌కు ఫాంటు దొరుకుతుంది. కానీ వీడియో కింద విడిగా వచ్చే సబ్‌టైటిల్‌గా పెడితే పాత ఫోన్లలో డబ్బాలు కనిపిస్తాయి. బొమ్మలోనే అక్షరాలు కలిపేస్తే ఏ ఫోనులోనైనా కనిపిస్తాయి. అందుకే మాటలను గుంజాల గోండిలోను, తెలుగులోను బొమ్మతో కలిపే వేస్తున్నాం. పిల్ల రెండూ పక్కపక్కన చూస్తుంది.

ముందే ఎందుకు అడగాలి

ఇదంతా వీడియో అయ్యాక అడగొచ్చు కదా అని కొందరు మిత్రులు అన్నారు. లెక్క చెప్తాం. సినిమా లెక్కలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు ఉంచినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. మూడు నిమిషాల పాటకు 2,160 బొమ్మలు. కీలు బొమ్మల పద్ధతిలో చేతులు, కాళ్లు విడిగా గీసి కదిపితే కొంత తగ్గుతుంది గానీ పని పనే. అన్నీ అయ్యాక చీర కట్టు తప్పని తెలిస్తే ఎన్ని బొమ్మలు మార్చాలి?

అందుకే ముందు పాట రికార్డు చేశాం. మా పాట నిమిషానికి దాదాపు 90 దరువులు. అంటే ఒక్కో దరువుకు 16 ఫ్రేములు. కానీ మనిషి వాయించే డోలు గడియారంలా నడవదు, చివరికి వచ్చేసరికి వేగం పెరుగుతుంది. దాన్ని సరిచేయాలని మేము చూడలేదు. పాట ఎట్లా నడిస్తే బొమ్మ అట్లా నడవాలని దరువు దరువుకు గుర్తులు పెట్టుకున్నాం. తర్వాత యాభై బొమ్మలు పెన్సిలుతో గీసి, పాట మీద వరుసగా పేర్చాం. దీన్ని యానిమాటిక్ అంటారు. కదలిక ఉండదు, రంగు ఉండదు, కథ మాత్రం తెలుస్తుంది. గూడేల్లో రెండోసారి చూపించింది ఇదే. పిల్ల తమ్ముడికి కథ చెప్తూ తడబడిన చోట ఒక్క పెన్సిలు బొమ్మ మార్చితే సరిపోయింది. మూడుసార్లు మార్చాం. మూడోసారి ఆ తొమ్మిదేళ్ల పిల్లలు కాడి మాట దగ్గర ఊరికే నోరు కదిలించలేదు, మాట పలికారు. ఆ రోజు రంగులు మొదలుపెట్టాం.

మిగిలిపోయిన ప్రశ్న

అన్నీ సరిగ్గా చేశామని చెప్పుకోవడానికి రాలేదు. చివరిసారి వెళ్లిన గూడెంలో పక్క కొలాం గూడెం పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. పాట అయ్యాక వాళ్లలో ఒక పిల్లవాడు అడిగాడు: "మా మాటలో ఎప్పుడు వస్తుంది?" మనం, కొలాములు ఒకే అడవిలో పక్కపక్కన బతుకుతున్నాం. వాళ్లూ ఎద్దులు కట్టేవాళ్లే. వాళ్ల కొలామీ మాట్లాడేవాళ్లు మనకన్నా చాలా తక్కువ. మా నోటు పుస్తకంలో వాళ్ల పేజీ లేదు. చూసేవాళ్లు ఎవరని లెక్క వేసుకున్నప్పుడు వాళ్లు మాకు గుర్తుకు రాలేదు. బయటివాళ్లు మనల్ని మరిచిపోయారని ఇదే వేదిక మీద ఎన్నోసార్లు మాట్లాడాం. మేము కూడా అదే చేశాం.

ఆ పాట మేమే కొలామీలోకి మార్చి పాడించడం సరికాదు. వాళ్ల పాట ఏదో వాళ్లే చెప్పాలి, వాళ్లే గీయాలి. మా కంప్యూటర్లు, మైకు, మేము నేర్చుకున్నదంతా వాళ్లకు అందుబాటులో ఉంచుతామని కొలాం పెద్దలకు మాట ఇచ్చి వచ్చాం. సంఘం కూడా ఈ మాట నిలబెట్టాలని సభ ముందు కోరుతున్నాం.

రాబోయే పొలాల అమావాస్య నాటికి వీడియో పూర్తిచేయాలని చూస్తున్నాం. అందరికన్నా ముందు ఆ నాలుగు గూడేల్లోనే చూపిస్తాం, తర్వాతే నెట్‌లో పెడతాం. మీ ఊరికి చేరినప్పుడు ఒక పని చేయండి. బాగుందని మాకు ఫోన్ చేయకండి. చూసిన పిల్లను చూడని పిల్లవాడి దగ్గర కూర్చోబెట్టి కథ చెప్పమనండి. ఎక్కడ ఆగిందో అది మాకు చెప్పండి. వచ్చే పాటకు అది పనికొస్తుంది.

పచ్చబొట్ల చేతులతో మాకు చీర కట్టు నేర్పిన అవ్వకు, "పొలాలకు గుస్సాడీ ఎందుకు వచ్చాడు" అని అడిగిన పెద్దాయనకు, రంగు పెన్సిళ్లు తిరిగి ఇవ్వని పిల్లలకు మా బృందం దండం పెడుతోంది.